గుజ్జు ఎందుకు అరుగుతుంది?

మోకాళ్ల నొప్పులకు మన ఊళ్లలో అందరూ చెప్పే కారణం ఒక్కటే: గుజ్జు అరిగిపోయింది. వాడినకొద్దీ కీలు అరుగుతుందన్న ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 1952లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే పరిశోధకులు ఇంగ్లండు బొగ్గుగని కార్మికుల ఎక్స్‌రేలు చూస్తే, ఇరుకు సొరంగాల్లో మోకాళ్ల మీద ఆని, నడుం వంచి తవ్వినవాళ్లకు మోకాళ్లూ నడుమూ తక్కినవాళ్లకంటే ఎక్కువ దెబ్బతిని ఉన్నాయి. అమెరికాలో వర్జీనియా ఉన్నిమిల్లు స్త్రీల చేతుల మీద 1978లో వెలువడిన హాడ్లర్ పరిశీలన ఇంకా సూక్ష్మమైనది. గుడ్డలోని ముడులను వేళ్లతో ఏరేసేవాళ్లకు వేళ్ల కణుపులు చెడ్డాయి, కండెలు చుట్టేవాళ్లకు మణికట్టు బిగిసింది. అందరికీ కుడిచెయ్యే ఎక్కువ పాడైంది.

అంతమాత్రాన ఈ కీళ్ల జబ్బును, అంటే ఆస్టియో ఆర్థ్రయిటిస్‌ను కేవలం అరుగుదల అనేస్తే పొరపాటే. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి నేలమాళిగలో ఖననమైన 18, 19 శతాబ్దాల వాళ్లలో పట్టు నేతగాళ్లున్నారు. శవపేటికల పలకల వల్ల చాలామంది పేర్లు, వయసులు తెలిశాయి. వాల్డ్రన్, కాక్స్ 1989లో ఈ అస్థిపంజరాలను పోల్చి చూస్తే, నేతపనికీ చేతికీళ్ల జబ్బుకూ సంబంధమే తేలలేదు. నేతగాళ్లుగా లెక్కించినవాళ్లలో మగ్గం ముట్టని యజమానులూ ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు. కానీ చీలమండ సంగతి ఏం చెబుతాం? అడుగడుగునా ఒంటి బరువు మోసే ఆ కీలుకు, ఏదో దెబ్బ తగిలితే తప్ప ఈ జబ్బు అరుదు. ఒంటి బరువు మోయని వేళ్ల చివరి కణుపులకు మాత్రం తరచూ వస్తుంది. ఆ కణుపుల మీద బఠాణీగింజంత వచ్చే గట్టి బొడిపెలను వైద్యుడు హెబర్డెన్ వర్ణించాడు. ఆయన పోయాక 1802లో అచ్చయిన గ్రంథంలో, వీటికీ గౌట్‌కూ సంబంధం లేదన్నాడు. ఈ బొడిపెలు వంశంలో దిగివస్తాయని 1940లలో స్టెచర్ చూపించాడు. అంటే పని కొంతవరకు కీలును ఎంచుకుంటుంది. జబ్బుకు మూలం అంతకంటే లోతున ఉంది.

అరుగుదల వాదానికి గట్టి దెబ్బ 2017లో తగిలింది. వాలెస్ బృందం అమెరికాలో యాభై దాటినవాళ్ల అస్థిపంజరాలు పరిశీలించింది. ఒళ్లు హూనం చేసుకున్న 19వ శతాబ్దపు, 20వ శతాబ్దపు తొలినాళ్ల తరంలో మోకీలు జబ్బు సుమారు 6 శాతం ఉంటే, ఆధునిక తరంలో 16 శాతం. మనుషులు ఎక్కువకాలం బతకడం, లావెక్కడమే దీనికి కారణమని ఎవరైనా అనొచ్చు. వయసునూ స్థూలకాయాన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా రెండింతలు మిగిలే ఉంది. అంటే వాడకమే కీలుకు శత్రువు కాదు. మనం గుజ్జు అనే మృదులాస్థికి రక్తనాళాలుండవు. కదిలినప్పుడు నొక్కుకుని, మళ్లీ విచ్చుకుంటూ కీలుద్రవం నుంచే అది పోషణ పీల్చుకుంటుంది. 'అరిగింది, ఇక నడవకు' అని పెద్దవాళ్లను కుర్చీకి కట్టేయడం ఆ పోషణను కూడా తగ్గించడమే.