బండి నడుపుతూ ఫోన్ మాట్లాడితే ప్రమాదాలు నిజంగా పెరుగుతాయా?

హైదరాబాద్‌లో ఏ సిగ్నల్ దగ్గర నిలబడినా కనిపించే దృశ్యమే ఇది. హెల్మెట్‌కూ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని బైకు నడిపేవాళ్లు, ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్న కారువాళ్లు. ఇదేంటని అడిగితే "ఇన్నేళ్లుగా ఇలాగే నడుపుతున్నాను, ఏమీ కాలేదు కదా" అంటారు. మరి ఫోన్ వల్ల ప్రమాదాలు నిజంగానే పెరుగుతాయా? లేక ఇది చలానాలు రాయడానికి చెప్పే మాటేనా?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

ఈ విషయంలో అందరూ చెప్పుకునే అధ్యయనం కెనడాలోని టొరంటోలో జరిగింది. డొనాల్డ్ రెడెల్మీర్, రాబర్ట్ టిబ్షిరానీ అనే ఇద్దరు పరిశోధకులు ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులు పరిశీలించారు. ప్రమాదానికి ముందు నిమిషాల్లో ఆ డ్రైవర్ ఫోన్ వాడాడా, ముందురోజు అదే సమయంలో వాడాడా అని పోల్చి చూశారు. ఒకే మనిషిని రెండు రోజుల్లో పోల్చారు కాబట్టి "అతను అసలే దూకుడు మనిషి" అనే సాకుకు చోటు తక్కువ. ఫోన్ వాడుతున్నప్పుడు ప్రమాద అవకాశం దాదాపు 4 రెట్లు ఉన్నట్టు తేలింది. ఇది 1997లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదంలో గాయపడి ఆసుపత్రికి వచ్చిన 456 మంది డ్రైవర్లను పరిశీలించిన అధ్యయనంలోనూ అదే 4 రెట్లు వచ్చింది.

అమెరికాలో 3,500 మందికి పైగా డ్రైవర్ల కార్లలో కెమెరాలు పెట్టి చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడితే ప్రమాద అవకాశం సుమారు 2 రెట్లు, మెసేజ్ టైపు చేస్తే 6 రెట్లు, నంబరు నొక్కుతుంటే 12 రెట్లు అని అందులో తేలింది. కారణం తేలికగానే అర్థమవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. 5 సెకన్లు స్క్రీన్ వైపు చూస్తే 70 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే.

ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు

2013లో భార్గవ, పథానియా అనే ఆర్థికవేత్తల అధ్యయనం వేరే మాట చెప్పింది. అమెరికాలో ఒకప్పుడు రాత్రి 9 దాటితే ఫోన్ కాల్స్ చవక. ఆ వేళకు రోడ్డు మీది డ్రైవర్ల కాల్స్ సుమారు 7 శాతం పెరిగాయి, కానీ ప్రమాదాలు ఆ మేరకు పెరగలేదు. మాట్లాడేటప్పుడు కొందరు వేగం తగ్గిస్తూ ఉండవచ్చు. కాబట్టి "ఎన్ని రెట్లు" అనే అంకె మీద వాదన ఉందన్నది నిజమే. కానీ స్క్రీన్ చూడటం, టైపు చేయడం సురక్షితమని మాత్రం ఈ అధ్యయనం చెప్పలేదు.

హ్యాండ్స్‌ఫ్రీ అయితే ఫర్వాలేదా?

టొరంటో, పెర్త్ అధ్యయనాల్లో రెండింట్లోనూ హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకు ప్రత్యేకంగా రక్షణ కనబడలేదు. కెమెరాలతో చేసిన కొన్ని అధ్యయనాల్లో మాత్రం దాని వల్ల ప్రమాదం అంతగా పెరగలేదు. చేతులు ఖాళీగా ఉంటే కొంత మేలే, కానీ ధ్యాస మాటల మీదే ఉంటుంది.

2006లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 40 మందిని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, మద్యం తాగినప్పుడూ, ఫోన్ మాట్లాడుతున్నప్పుడూ ఎలా నడుపుతారో చూశారు. ముగ్గురు ముందున్న బండిని గుద్దారు. ముగ్గురూ ఫోన్‌లో ఉన్నప్పుడే. ఫోన్ చేతిలో ఉందా, హ్యాండ్స్‌ఫ్రీనా అన్న తేడా కూడా కనబడలేదు. మద్యం ఎన్నడూ ముట్టని మనం ఆలోచించుకోవాల్సిన విషయమిది.

"పక్క సీటులో ఉన్నవాళ్లతో మాట్లాడితే ఏం కాదా?" అని అడగొచ్చు. పక్కనున్న మనిషి రోడ్డు చూస్తాడు. ఎదురుగా లారీ వస్తే మాట ఆపుతాడు, "చూసుకో" అంటాడు. ఫోన్‌లో ఉన్న మనిషికి ఆ లారీ కనబడదు.

మన దేశంలో చట్టం

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో ఫోన్ వల్ల అని నమోదైనవి 2 శాతం దగ్గరే. అయితే ప్రమాదం జరిగాక "ఫోన్‌లో ఉన్నాను" అని ఒప్పుకునేవాళ్లు ఎంతమంది? చనిపోయిన మనిషిని అడిగేదెవరు?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 ప్రకారం, ఫోన్ చేత్తో పట్టుకుని నడిపితే మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది జైలు, లేదా రెండూ పడవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000, జైలు 2 ఏళ్ల దాకా. దారి చూసుకోవడానికి మాత్రం, ధ్యాస చెదరకుండా ఫోన్ వాడవచ్చని 2020 నిబంధన చెబుతోంది.

ఇంట్లో ఉన్నవాళ్ల వంతు

డ్రైవర్ ఒక్కడినే తప్పుపడితే సరిపోదు. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ దగ్గరపడుతుంటే "ఎక్కడిదాకా వచ్చావు బేటా" అని ఇంటినుంచి ఫోన్ మీద ఫోన్. అమ్మీ ఫోన్ కదా అని అబ్బాయి ఎత్తుతాడు. ఆ ఒక్క కాల్ మనం ఆపగలం. బయలుదేరే ముందే మాట్లాడండి. ఫోన్ ఎత్తగానే "బండి మీద ఉన్నావా?" అని అడగండి, అవునంటే వెంటనే పెట్టేయండి. నడిపేవాళ్లు ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోవాలి. తప్పదనుకుంటే బండి పక్కన ఆపి మాట్లాడాలి. ఖర్జూరం నోట్లో వేసుకోవడం రెండు నిమిషాలు ఆలస్యమైనా ఫర్వాలేదు, పిల్లాడు ఇల్లు చేరడం ముఖ్యం.