ధాత కరువులో వినిపించిన పిలుపు



బుడ్డల పంట పోయి, బోరు అప్పు నెత్తిమీద ఉండగా, ప్రార్థనకు కూర్చున్నా మనసు నిలవడం లేదని మనలో అనేకులు చెప్పుచున్నారు. మన పెద్దలు ధాత కరువు అన్నది 1876లో వానలు లేక మొదలైంది. కర్నూలు, కడప, బళ్లారి సీమలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1877 ఆరంభంలో సర్కారు కరువు పనుల్లో మగకూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా మాత్రమే.

ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకం గుత్తకు తీసుకున్నారు. తెలుగు బోధకులే పని చూసేవారు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య కూర్చుండి, మత్తయి 11వ అధ్యాయం చివర ప్రభువు అలసినవారికిచ్చిన పిలుపును వినిపించేవారు.

అయితే బాప్తిస్మం అడిగినవారికి దొరగారు వెంటనే ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని, సాయం సాగినంతకాలం ఆపారు. ఈ సంగతి మమ్మల్ని ఎప్పుడూ గుచ్చుతుంది. కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్లీ వెళ్లగానే సాక్ష్యం చెప్పమనే అలవాటు మనకుంది, కాపరులమైన మాకు ఇంకా ఎక్కువ.

సాయం ఆగింది. అయినా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. మన నల్లమలలో పుట్టి, ఆనాడు కర్నూలు జిల్లాలోనే ఉన్న కంభం మీదుగా పారే ఏరే అది.

ఈ శుక్రవారం ఉపవాస కూడికలో ఆ అధ్యాయమే చదువుకుందాం. అప్పుల సంగతి చెప్పుకోవాలనుకునేవారు కూడిక అయ్యాక కాసేపు ఉండండి. సాక్ష్యం అడగము.