ఒకే ఇంట్లో విండోస్, మ్యాక్, లినక్స్: తక్కువ ఖర్చుతో వైఫై నెట్‌వర్క్ ఎలా?

దక్షిణ దిల్లీలో మునిర్కా, ఉత్తరాన ముఖర్జీ నగర్, యమునకు అవతల నోయిడా. చదువుకో ఉద్యోగానికో వచ్చిన తెలుగువాళ్లు ముగ్గురు నలుగురు కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకోవడం ఇక్కడ మామూలే. ఒకరిది ఊరి నుంచి తెచ్చుకున్న పాత విండోస్ ల్యాప్‌టాప్, మరొకరిది ఆఫీసు ఇచ్చిన మ్యాక్‌బుక్, ఇంకొకరిది ఉబుంటు వేసుకున్న కంప్యూటర్. ఒక ప్రింటర్, అరడజను ఫోన్లు. అన్నింటికీ కలిపి ఒకటే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్.

వీటన్నింటినీ కలపడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. వైఫైకి కంప్యూటర్ ఏ కంపెనీదన్నది పట్టదు. అన్నీ 802.11 అనే ఒకే ప్రమాణం ప్రకారం నడుస్తాయి. చాలా ఇళ్లలో ఫైబర్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే పెట్టెలోనే రూటర్, వైఫై రెండూ ఉంటాయి. కొత్తది కొనే ముందు దాన్ని సరిగ్గా వాడుకుంటున్నామా అని చూసుకోవాలి.

రెండు బ్యాండ్ల సంగతి

ఇంట్లో వైఫై పెట్టుకోవడానికి లైసెన్సు అవసరం లేకుండా 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను కేంద్ర ప్రభుత్వం 2005లో విడుదల చేసింది. 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ మేరకు 2018లో ఇలాగే వదిలేసింది.

మొదటిది గోడలు దాటి దూరం వెళ్తుంది. కానీ దిల్లీ బిల్డర్ ఫ్లోర్లలో పైనా కిందా పక్కనా ఉన్నవాళ్లందరి రూటర్లూ అందులోనే ఉంటాయి. ఈ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. ఫోన్‌లో ఉచిత వైఫై అనలైజర్ యాప్‌తో చూసి, వాటిలో రద్దీ తక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, రద్దీ తక్కువ. అయితే రెండు ఇటుక గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి అది కనబడనే కనబడదు. అందుకే రెండూ ఆన్‌లో ఉంచడం మేలు.

కేబుల్ వేసే మనిషి పెట్టెను గుమ్మం పక్కన మీటర్ల దగ్గర బిగించి వెళ్లిపోతాడు. దాన్ని ఇంటి మధ్యకు, కాస్త ఎత్తులోకి మార్పిస్తే చాలు, సగం ఫిర్యాదులు తగ్గుతాయి.

వెనక గదికి అందకపోతే

రిపీటర్ కొనమని దుకాణాల్లో చెబుతారు. ఒకే రేడియో ఉన్న రిపీటర్ అందుకున్నదాన్నే మళ్లీ పంపాలి కాబట్టి వేగం దాదాపు సగానికి పడిపోతుంది. దానికన్నా ఒక పాత రూటర్, ఒక క్యాట్ 5ఇ కేబుల్ నయం. ఈ రకం కేబుల్ 100 మీటర్ల వరకు గిగాబిట్ వేగాన్ని మోయగలదు.

మొదటి రూటర్ చిరునామా 192.168.1.1 అయితే రెండోదానికి 192.168.1.2 ఇవ్వాలి. రెండోదానిలో డీహెచ్‌సీపీ ఆపేయాలి. కేబుల్‌ను దాని వ్యాన్ పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. వ్యాన్ పోర్టులో పెడితే ఇంటర్నెట్ వస్తుంది కానీ ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్కులు ఏర్పడతాయి. ముందు గదిలోని ప్రింటర్ వెనక గది కంప్యూటర్‌కు కనిపించదు.

కొత్తది కొనాలనుకుంటే సాధారణ డ్యూయల్ బ్యాండ్ రూటర్లు రెండు వేల రూపాయల లోపే దొరుకుతాయి. నెహ్రూ ప్లేస్‌లో పాతవి ఇంకా చౌక. అయితే తయారీ కంపెనీ ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఇస్తోందో లేదో చూడకుండా కొనకూడదు.

ఫైళ్లు, ప్రింటర్

అసలు చిక్కు ఇంటర్నెట్‌తో కాదు, ఫైళ్లు పంచుకోవడంతో. మూడు వ్యవస్థలకూ అర్థమయ్యే భాష ఎస్ఎంబీ. విండోస్‌లో నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చి ఫోల్డర్‌ను షేర్ చేయాలి. మ్యాక్‌లో ఫైల్ షేరింగ్ ఆన్ చేసి, ఆప్షన్స్‌లో విండోస్ ఫైల్ షేరింగ్ కింద తమ ఖాతాకు టిక్ పెట్టాలి. లినక్స్‌కు సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది.

పాత హార్డ్ డ్రైవ్ పెట్టె పనిచేయడం లేదని ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను తిరిగి ఆన్ చేసుకోమనే సలహాలు కనిపిస్తాయి. అలా చేయకూడదు. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన వాన్నాక్రై వాడుకున్నది ఆ వెర్షన్‌లోని లోపాన్నే. ఇక విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని ల్యాప్‌టాప్‌ను పారేయకుండా లినక్స్‌తో నడపొచ్చు.

ప్రింటర్ కొనేటప్పుడు ఎయిర్‌ప్రింట్ ఉందో లేదో చూసుకుంటే మ్యాక్, లినక్స్ రెండింటికీ వేరే డ్రైవర్ వెతుక్కునే పని సాధారణంగా తప్పుతుంది.

పాస్‌వర్డ్ ఎవరి బాధ్యత?

2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు వచ్చిన ఈమెయిల్ జాడ నవీ ముంబయిలోని ఒక ఇంటి వైఫైకి చేరింది. దానికి పాస్‌వర్డ్ రక్షణ లేదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో దిల్లీ పేలుళ్లప్పటి మెయిల్ కూడా ముంబయిలో మరొకరి వైఫై మీదుగానే వెళ్లినట్టు తేలింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వైఫై భద్రతపై ఇంటర్నెట్ సంస్థలకు ఆదేశాలిచ్చింది. ఫ్లాట్‌లో ఎంతమంది ఉన్నా, దర్యాప్తు మొదట తలుపు తట్టేది కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారిదే.

కాబట్టి డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 తప్పనిసరి. పాత పరికరాలుంటే రెండూ కలిసిన మోడ్ పెట్టుకోవచ్చు. డబ్ల్యూపీఎస్ ఆపేయాలి. రూటర్ సెట్టింగులకు వేరే పాస్‌వర్డ్ ఉండాలి. రూమ్మేట్ ఖాళీ చేసి వెళ్లిన రోజే వైఫై పాస్‌వర్డ్ మార్చాలి, మొహమాటపడాల్సిన పని లేదు. వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇస్తే ఇంటి ఫోల్డర్లు, ప్రింటర్ వాళ్లకు సాధారణంగా కనిపించవు. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను కూడా అందులోనే పెట్టడం ఇద్దరికీ క్షేమం.

వేసవిలో కరెంటు పోయే కాలనీల్లో రూటర్‌కు చిన్న యూపీఎస్ పనికొస్తుంది. అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి కొనాలి. ఇంటిదాకా ఫైబర్ ఉంటే దారిలో కరెంటుతో పని ఉండదు, నెట్ సాధారణంగా నడుస్తూనే ఉంటుంది. డాబా మీది స్విచ్ నుంచి రాగి కేబుల్ దించిన కనెక్షన్ అయితే, ఆ స్విచ్‌కు బ్యాటరీ ఉందా అని ముందే కేబుల్ ఆపరేటర్‌ను అడగాలి.