వైద్యుడికే జబ్బు చేస్తే

పంటలకు పట్టే బూజు తెగుళ్లను వేపనూనె అరికడుతుందని 1994లో అమెరికా వ్యవసాయశాఖ, డబ్ల్యు.ఆర్.గ్రేస్ కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంటు పుచ్చుకున్నాయి. మన అమ్మమ్మల విద్యమీద వాళ్లకు హక్కేమిటని వందనా శివ ప్రభృతులు పోట్లాడితే 2000లో అది రద్దయింది. 2005లో అప్పీలూ వీగిపోయింది. ఈ మధ్యలోనే ఆ వేపచెట్టుకే బూజు పట్టిన సంగతి ఎందరికి తెలుసు? 1997లో మన శాస్త్రజ్ఞులు ఆ బూజుకు ఫోమాప్సిస్ అజాడిరాక్టే అని నామకరణం కూడా చేశారు. వైద్యుడికే జబ్బన్నమాట!

2021లో అది తెలంగాణలో చెట్లను ఎండగట్టింది. కోదాడ దాటితే జగ్గయ్యపేట, ఆపైన మా నందిగామ. తెగులుకు చెక్‌పోస్టులుండవుగా! పెరట్లో మా అత్తగారు నాటిన చెట్టు కొమ్మల చివర్లు నిప్పుసెగ తగిలినట్టు మాడాయి. దిష్టి అన్నారొకరు. "ఇప్పుడే కొట్టించండి వదినగారూ, కలపన్నా దక్కుతుంది" అన్నారు పక్కింటావిడ. అత్తగారు మూడురోజులు సరిగా అన్నం తినలేదు.

నిజానికి దొంగలిద్దరు. టీదోమ లేతచిగుళ్ల రసం పీల్చి గాయం చేస్తుంది. బూజు కొమ్మ చివరినుంచి వెనక్కి ఎండబెడుతూ వస్తుంది. వానచినుకులు దాన్ని చిమ్ముతాయి, అందుకే వానాకాలంలో విజృంభణ. ఎండుపుల్లల్ని పచ్చిభాగం దాకా కోయించి కాల్చేశాం. వ్యవసాయాధికారి సలహామీద కార్బండిజమ్ కొట్టించాం. ముదురుచెట్టు మొండిది. ఎండినట్టు కనిపించినవి చాలామటుకు వేసవికి మళ్లీ చిగిరిస్తాయి. గొడ్డలికి తొందరేమిటి?

ఉగాదికి మా చెట్టు పూసింది, సగమే అనుకోండి. పచ్చడికి ఆ సగం చాలదూ?