కోడిపిల్లల తెల్లపారుడు



జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములు 2022 వఱకు కృష్ణామండలమున మెట్టసీమగా నుండెడివి. ఆ పల్లెలలో పెరటికోడి పేదయింటి రొక్కము. బడిపిల్లవాని పలకకు, పండుగనాఁటి కొత్తచీరకు గ్రుడ్ల సొమ్మే యాధారము. మా యింటఁ గోళ్ళను బెంచు నాచారము లేదు. అయినను గోడకావల నేమి జరుగునో చూచుట కడ్డులేదు గదా!

1970వ దశకమున, నా బాల్యమున, పొరుగింటి పెట్ట పండ్రెండు గ్రుడ్లను బొదిగి, ఇరువదియొకటవ నాఁడు పది పిల్లలను లేపెను. నాలుగవ దినము మొదలు పిల్లలు ఱెక్కలు జాఱవిడిచి, తల వ్రేలవేసి, తల్లిక్రింద దూఱఁజొచ్చినవి. సున్నపునీటివంటి రెట్ట మలద్వారమున కంటుకొని యెండి, దానినే మూసివేసెను. పదిదినములకు రెండు మిగిలినవి. అంతకు ముందు ఆ పిల్లలను జూచి ముచ్చటపడిన యొక ముసలియవ్వపై నింద పడెను. "దాని కన్ను తగిలెను" అనిరి. అవ్వ మఱి యా వాకిట నడుగుపెట్టలేదు. మఱుసటి పొదుగునను అదే పెట్ట పిల్లలు అట్లే చచ్చినవి. అవ్వ రానేలేదే, ఈసారి కన్నెవరిదని యెవరును అడుగలేదు. నేనును అడుగలేదు.

పసుపునీరు పోసిరి, వెల్లుల్లి నలిపి మ్రింగించిరి, మజ్జిగ పట్టిరి. కానీ తెగులు వాని కందనిచోట నుండెను.

చాల ఏండ్లకు, నందిగామలో ఉపాధ్యాయుఁడనై యుండఁగా, ఒక పశువైద్యుఁడు దీని చరిత్రమును నాకుఁ జెప్పెను. అమెరికాదేశపు లియో రెట్గరు అను శాస్త్రజ్ఞుఁడు ఇట్లు చచ్చిన పిల్లలనుండి యొక సూక్ష్మజీవిని వేఱుచేసి 1900లో ప్రకటించెను. దానికే తరువాత సాల్మొనెల్లా పుల్లోరం అని పేరు వచ్చెను. అది పిల్లకు ఎక్కడనుండి వచ్చును? 1909లో రెట్గరు, స్టోన్‌బర్న్ అనువారు దీనికి సమాధానమిచ్చిరి. తెగులునుండి బ్రతికిన పిల్ల పెద్దదై, చూచుటకు నిండారోగ్యముతో నుండియు, అండాశయమున ఆ సూక్ష్మజీవిని దాఁచుకొనును. అది గ్రుడ్డులోని పచ్చసొనలోఁ జేరి, పిల్లతోఁగూడ బయటికి వచ్చును. తల్లియే కారణము, కాని తల్లి కా సంగతి తెలియదు.

వేల గ్రుడ్లను ఒక్కచోఁ బొదుగు యంత్రములలో నొక్క పిల్ల నూఁగుదుమ్మే తక్కినవానికి సోఁకించును. కావున రోగము మోయు పెట్టలను గనిపెట్టు నగత్య మేర్పడెను. 1913లో జోన్సు రక్తపరీక్షను నిరూపించెను. 1931లో అది మఱింత సులువయ్యెను: ఱెక్కనరమునుండి యొక చుక్క నెత్తురు, దానికి రంగుకలిపిన ద్రావకము, గడ్డకట్టినట్లు రేణువులు విడిపోయినచో ఆ పెట్ట రోగవాహిని. అమెరికాలో 1935లో దీని నాధారముగాఁ జేసికొని దేశవ్యాప్త ప్రణాళిక ప్రారంభించిరి. మన దేశమున 1971లో బండా వాసుదేవరావుగారు వెంకటేశ్వర హేచరీసును స్థాపించిన పిదప కోళ్ళపరిశ్రమ విస్తరిల్లెను. పెరటి గంపక్రింది పెట్టకు మాత్రము ఈ పరీక్ష అరుదు.

అంటుకొన్న రెట్టయెల్ల నీ తెగులే యనుకొనరాదు. చలి సోఁకినను, వేఁడి మించినను, ద్వారము మూసికొనును. దానిని లాగరాదు, గోరువెచ్చని నీటితోఁ దడిపి మెత్తని గుడ్డతోఁ దుడువవలెను. కడుపులోని పచ్చసొన రెండు మూఁడు దినములు పిల్లను బోషించును గనుక మేతకుఁ దొందరపడవలదు. వెచ్చదనము, శుభ్రమైన నీరు ముఖ్యము. మూఁడవ వారము దాఁటినపిదప రెట్టలో నెత్తురు కనఁబడినచో అది తడిసిన పరుపునుండి పుట్టు వేఱొక తెగులు; పశువైద్యునికిఁ జూపవలెను. తెల్లపారుడునకు మందులు పిల్లను బ్రతికింపవచ్చును, కాని దానిలోని రోగమును దుడిచివేయవు. కావున పిల్లలు వరుసగాఁ జచ్చు పెట్ట గ్రుడ్లను బొదుగుటకుఁ బెట్టరాదు.

మా పొరుగువారు మిగిలిన రెండింటిలో నొక దానిని, గట్టిపిండమని మెచ్చి, విత్తనపు పెట్టగా నుంచుకొనిరి.