చదువునకు ఏ పట్టణము?

ఢిల్లీలో కాపురమున్న తెలుగు కుటుంబములలో పిల్లవాడు పన్నెండవ తరగతికి వచ్చెనన్న ఒక ప్రశ్న తప్పదు. ఇచటనే చదివింపవలెనా, హైదరాబాదునకు పంపవలెనా? రామకృష్ణపురపు సర్కారు క్వార్టర్లలో ఇది ఏటేట వినవచ్చు మాట. అయితే ఈ సందిగ్ధము ఢిల్లీలో పుట్టినది కాదు.

1857లో మదరాసు విశ్వవిద్యాలయము నెలకొన్నది మొదలు కోస్తా, రాయలసీమ వారికి పట్టమనగా చెన్నపురియే. మచిలీపట్టణపు నోబిలు పాఠశాల 1843 నాటిదే యైనను, న్యాయ వైద్య శాస్త్రములకు దక్షిణమునకు పోక తప్పదు. 1899లో బెజవాడ, మదరాసుల నడుమ రైలుమార్గము పడువరకు బకింగుహాము కాలువలో పడవ ప్రయాణము రోజుల తరబడి సాగెడిది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు చెన్నపురి క్రైస్తవ కళాశాలలో చదివి, అచటనే వైద్యపట్టము గొని, మచిలీపట్టణమునకు తిరిగివచ్చిరి. తిరిగి రానివారును కలరు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము బెజవాడలో వెలసి, 1930లో వాల్తేరు చేరిన పిమ్మట కోస్తా విద్యార్థికి మొదటిసారిగా రెండు త్రోవలు కనబడెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను నెగ్గిన దుర్గాబాయమ్మగారు డిగ్రీ చదువునకు వాల్తేరును, న్యాయశాస్త్రమునకు చెన్నపురిని ఆశ్రయించిరి. పట్టణము నెన్నుకొనుట యనగా అన్ని వేళల ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టుట కాదు.

నిజాము రాష్ట్రమున కథ వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలో జరిగెడిది. దేశభాషలో ఉన్నత విద్య గరపుట గొప్ప యత్నమే; కాని ఆ దేశభాష ఇంట తెలుగాడు పిల్లవానిది కాదు. ఇంగ్లీషు చదువు కావలెనన్న నిజాము కళాశాల కలదు. 1887లో స్థాపితమైన ఆ కళాశాల 1947 వరకు మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధము. అనగా విద్యార్థి హైదరాబాదు నడిబొడ్డున కూర్చుండి చెన్నపురి పరీక్షలు వ్రాయవలెను! ఇంతటి వింత మరెచట నుండెనో. 1938లో వందేమాతరము పాడినందులకు ఉస్మానియా నుండి పలువురు విద్యార్థులు బహిష్కృతులైరి. వారికి నాగపురి విశ్వవిద్యాలయము తలుపు తెరచెను. తరువాతి కాలమున ప్రధానమంత్రి యైన పాములపర్తి వెంకట నరసింహారావుగారు న్యాయశాస్త్రము చదివినది నాగపురిలోనే. ఆ విద్యార్థులు పట్టణమును ఎన్నుకొనలేదు. పట్టణమే వారిని వెడలగొట్టెను.

ఇక ఢిల్లీ. 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలు పడుటతో ఉత్తరదేశము దగ్గరయ్యెను. స్వాతంత్ర్యానంతరము ఉద్యోగార్థమై వచ్చిన తెలుగువారి పిల్లలకొరకు 1948లో దుర్గాబాయమ్మగారు ఆంధ్ర విద్యాసంఘమును నెలకొల్పిరి. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానము వారు శ్రీ వేంకటేశ్వర కళాశాలను స్థాపించిరి. రామకృష్ణపురము ఉద్యోగుల నివాసముగా విస్తరించిన కాలమును ఇంచుమించు అదియే. 1969లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము, 1973లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు దక్షిణ ప్రాంగణము వచ్చెను. ఇంట భోజనము చేసి బస్సులో పోదగిన దూరమున ఇన్ని విద్యాలయములు గల పేట అరుదు.

మరి హైదరాబాదు మాట యెందులకు? ఎందులకనగా ఇంట తెలుగు మాటాడు పిల్లవానికి తెలుగు అక్షరములు రావు; తాతగారి ఉత్తరము తండ్రియే చదివి వినిపింపవలెను. ఆ లోపము తలిదండ్రుల గుండెలలో ములువలె నుండెను. కాని 1973 నాటి ఆరు సూత్రముల ఒడంబడికను అనుసరించి, 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ఒక గోడ కట్టెను. రాష్ట్ర విద్యాసంస్థలలో నూటికి 85 సీట్లు స్థానికులవి. అర్హత పరీక్షతో ముగియు నాలుగేండ్లు వరుసగా ఆ ప్రాంతమున చదివినవాడే సామాన్యముగా స్థానికుడు. ఢిల్లీ బడిలో చదివినవానికి మిగిలిన 15లో పోటీ. అందునకు తలిదండ్రులలో నొకరు రాష్ట్రమున పదేండ్లు నివసించిన చాలును. అయితే వెలుపల ఉద్యోగము చేసిన కాలము లెక్కకు రాదు. దేశరాజధానిలో ముప్పదియేండ్లు కొలువు చేసిన తండ్రికి, తాను బాల్యమున గడపిన యేండ్లే అక్కరకు వచ్చుట, వాటి ధ్రువపత్రమునకై సెలవు పెట్టి స్వస్థలమున కచేరి మెట్లెక్కుట విధి కాక మరేమి? స్థానికుల న్యాయమైన కోరికకు ఆ ఉత్తరువు అవసరమే కావచ్చును. దాని బరువు మాత్రము దూరమున నున్నవారి పైనను పడెను.

ఆ ఒడంబడిక పుణ్యమా యని 1974లోనే హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమును ఏర్పడెను. అది కేంద్రమునది గనుక స్థానికతతో పని లేదు. 2014లో రాష్ట్రము రెండయ్యెను. పాత ప్రవేశపు కోటాలు పదేండ్లు సాగి, 2024 జూన్ 2తో ఆ గడువు తీరెను. గుంటూరు సీమ తండ్రికి ఇప్పుడు హైదరాబాదును పొరుగు రాష్ట్రమే.

2022 నుండి డిగ్రీ స్థాయి ప్రవేశములకు ఢిల్లీ, నెహ్రూ విశ్వవిద్యాలయములును, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయపు అయిదేండ్ల చదువులును ఒకే ఉమ్మడి పరీక్ష ఆధారముగా సాగుచున్నవి. పిల్లవాడు రామకృష్ణపురమున నుండియే పరీక్ష వ్రాయును. ఏ పట్టణమన్న వాదము ఫలితములు వచ్చిన నాటి రాత్రి భోజనముల వేళ మొదలగును.