హెర్షీ గీతాక్షరాలు: శాస్త్రముద్రణ చరిత్రలో ఒక ఉపేక్షిత అధ్యాయం

కంప్యూటరుతో శాస్త్రగ్రంథాల అక్షరకూర్పు ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు చరిత్రకారులు సాధారణంగా డొనాల్డ్ నూత్ 1977లో స్టాన్‌ఫర్డ్‌లో చేపట్టిన టెక్ వ్యవస్థనూ, దానికి అక్షరాలు సమకూర్చిన మెటాఫాంట్‌నూ చూపి ఊరుకుంటారు. అంతకు పదేళ్ల ముందే, 1967లో, వర్జీనియాలోని డాల్‌గ్రెన్‌లో అమెరికా నౌకాదళ ఆయుధ ప్రయోగశాల శాస్త్రవేత్త ఆలెన్ హెర్షీ ‘కాలిగ్రఫీ ఫర్ కంప్యూటర్స్’ అనే నివేదిక వెలువరించారన్న సంగతి అధోజ్ఞాపికలను దాటి రావడం అరుదు. ఇది చిన్న లోపం కాదు. నూత్‌తో ఆరంభమైందనే వాదం శాస్త్రముద్రణను పుస్తకపు పుటకే పరిమితం చేసి, గ్రాఫునూ పటాన్నీ లెక్కలోంచి తప్పిస్తుంది.

హెర్షీ అక్షరాలు నేటి ఫాంట్ల వలె అంచురేఖల మధ్య నలుపు నింపినవి కావు. పూర్ణాంక నిరూపకాలతో గుర్తించిన బిందువులను సరళరేఖలతో కలపగా ఏర్పడే గీతల వరుసే అక్షరం; కలం ఎక్కడ పైకి లేవాలో కూడా అందులోనే సూచించి ఉంటుంది కనుక, కాగితంపై కలాన్ని నడిపే ప్లాటరుకు అవి నేరుగా సరిపోయాయి. ఒంటిగీతతో రాసినవాటిని సింప్లెక్స్ అన్నారు. డూప్లెక్స్, ట్రిప్లెక్స్ వంటి రకాలలో గీతలను పక్కపక్కనే గీసి మందం తెప్పించారు. రోమన్ లిపితో పాటు గ్రీకు, రష్యన్, గోథిక్, జపనీస్ అక్షరాలూ, గణిత, ఖగోళ, వాతావరణ, సంగీత చిహ్నాలూ ఈ సంపుటిలో చేరాయి. తరువాత వ్యాప్తిలోకి వచ్చిన రూపంలో ఆంగ్లాక్షరం ‘ఆర్’ను సున్నాగా తీసుకొని, ఆస్కీ సంకేత పట్టికలో దానికి ఎన్ని స్థానాలు ముందో వెనుకో ఉన్న అక్షరంతో ప్రతి నిరూపకాన్నీ రాశారు; దాంతో బొమ్మలన్నీ సాధారణ పాఠ్యఫైలులో ఇమిడిపోయాయి.

ఇవి నేటికీ నిలవడానికి కారణం అందం కాదు, హక్కుల స్వేచ్ఛ. అమెరికా సమాఖ్య ఉద్యోగి విధినిర్వహణలో చేసిన రచనకు ఆ దేశంలో కాపీహక్కు ఉండదు. అది పబ్లిక్ డొమైన్‌కు, అంటే అనుమతీ రుసుమూ లేకుండా ఎవరైనా వాడుకోగల ఉమ్మడి ఆస్తికి చెందుతుంది. 1976లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ పాశ్చాత్య లిపుల నిరూపకాలను పట్టికలుగా ప్రచురించింది. ఖగోళ పరిశోధకుల గ్రాఫు సాఫ్ట్‌వేరు పీజీప్లాట్ మొదలుకొని ఐడీఎల్, గ్నూ ప్లాట్‌యుటిల్స్, నేటి ఓపెన్‌సీవీ వరకూ ఆ గీతలే సాగివచ్చాయి. అంచురేఖల ఫాంటు ఇస్తే ప్రతి గీత చుట్టూ రెండుసార్లు తిరిగే చెక్కుడు యంత్రాలకు ఈ ఒంటిగీతలు మళ్లీ అవసరమయ్యాయి. పుస్తకపు పుటపై నూత్ కంప్యూటర్ మోడర్న్ అక్షరాల సొగసు వీటికి లేదన్నది నిజమే.

తెలుగు సంగతి ఇక్కడే తేలుతుంది. కంప్యూటరు దృష్టి ప్రయోగాలలో విద్యార్థులు వాడే ఓపెన్‌సీవీలో బొమ్మపై అక్షరాలు రాసే పుట్‌టెక్స్ట్ ప్రమేయం హెర్షీ సంపుటిపై ఆధారపడినందున, తెలుగు అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు వేస్తుంది. అంచురేఖల ఫాంట్లను చదివే ఫ్రీటైప్ అనుబంధంతో దీనిని దాటవచ్చు. అయితే పోతన, మండలి వంటి స్వేచ్ఛా ఫాంట్లు ఎన్ని ఉన్నా అవి అంచురేఖల ఫాంట్లే. ప్లాటరుకూ చెక్కుడు యంత్రానికీ కావలసిన ఒంటిగీత తెలుగు వేరు. గుండ్రని వంపులకు బిందువులు ఎక్కువ పడతాయి, ఒత్తులకు ఆధారరేఖ కింద ప్రత్యేక స్థానం లెక్కగట్టాలి. గణితంలోని పాదసూచికలకు హెర్షీ కాలం నుంచీ చేస్తున్న పని అదే కనుక, తెలుగు ఒంటిగీతల నిరూపకాలను పబ్లిక్ డొమైన్‌లో ఉంచే సంస్థ ఏదైనా ముందుకు వస్తే, శాస్త్రసాఫ్ట్‌వేరు అంతటా తెలుగు గ్రీకుతో సమానంగా నిలుస్తుంది.